ట్రాలీ వేళ

"ఆ మాత్రలు ఇలా ఇచ్చెయ్యండి. వార్డులో పేషెంటు దగ్గర మందులు ఉండకూడదు," అంటూ చిన్న నర్సు చెయ్యి చాచింది.

మామ్మ ఇవ్వలేదు. ఇవ్వకపోతే ఊరుకుంటారా? కుడి మణికట్టు విరిగి కట్టులో ఉంది. ఎడమ చెయ్యి గడగడా వణుకుతోంది. ఆ చేతిలోంచి డబ్బా లాక్కోవడం ఎంతసేపు! అల్మారాలో పడేసి తాళం వేసేశారు.

"అయ్యో, ఎనిమిదింటి మాత్ర ఇంకా పడలేదండీ!" అంది టైలరమ్మ. ఆవిడది మామ్మ పక్కవాటా. మామ్మ ఆ ఇంట్లో అద్దెకి దిగి ఏడాది కూడా కాలేదు. అయినా పొద్దున్నే స్నానాలగదిలో ధబ్బున పడిన చప్పుడు విని, మెడలో టేపు కూడా తియ్యకుండా ట్యాక్సీలో వేసుకుని తీసుకొచ్చింది. "పార్కిన్సన్స్ జబ్బండీ ఈవిడకి. మూడు గంటలకొకటి పడాలి. ఎనిమిది, పదకొండు, రెండు... అలారం పెట్టుకుని మరీ మింగుతారు. వేళ తప్పితే మనిషి బిగుసుకుపోతుంది."

"ఎనిమిదింటి మందుల ట్రాలీ వెళ్లిపోయిందండీ. మళ్లీ రెండింటికే."

"నేను జబ్బు సంగతి చెబుతుంటే నువ్వు ట్రాలీ సంగతి చెబుతావేంటమ్మా?"

"డాక్టరుగారు రాస్తే ఇస్తాం. మీరిక బయటికి వెళ్లండి."

కుర్ర డాక్టరు తీరిగ్గా పదకొండింటికి వచ్చాడు. అప్పటికి మామ్మ గొంతు పెదవి దాటడం మానేసింది. చెయ్యి వణకడం మానేసి కొయ్యబారింది.

"వణుకు తగ్గిందే! వెరీ గుడ్," అన్నాడు.

తగ్గిందా నీ మొహం! కదల్లేక ఆగిపోయిన చెయ్యిరా అది! తిట్టు నోటిదాకా వచ్చింది గానీ పళ్లు దాటలేదు. ఆయన ఎముకల డాక్టరు. ఎక్స్‌రేని వెలుతురులో పెట్టి మణికట్టు చూసుకున్నాడు. మణికట్టుకి మిగతా మనిషి కూడా అతుక్కుని ఉంటుందని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. పాత మాత్రలు కూడా ఇవ్వండి అని షీటులో ఓ ముక్క గీకి పోయాడు. ఏ వేళకో రాయలేదు. రాయకపోతే ఏముంది, ట్రాలీ వేళకే.

పన్నెండింటికి హెడ్ నర్సు డ్యూటీలోకి వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆవిడ చెప్పుల చప్పుడు వినగానే వార్డంతా సర్దుకుంది. దుప్పటి మూలలు కొలిచినట్టు మడిచింది. కట్టు కింద వేలు దూర్చి బిగువు చూసింది. మామ్మని ఒడుపుగా పక్కకి తిప్పి వీపు కింది ముడత లాగేసింది. పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు, ఆ మాట మామ్మ కూడా ఒప్పుకోవలసిందే. కానీ ఒక్కసారైనా మొహంలోకి చూస్తేనా!

ఇటు చూడవే, ఒక్కసారి చూడు, అని మామ్మ లోలోపల అరిచింది. చూసినా ఏముంది గనక? కనుబొమ కదలదు, చెంప కదలదు. ఈ మాయదారి జబ్బు ముందు మనిషి మొహాన్నే మింగేస్తుంది.

రెండింటికి ట్రాలీ వచ్చింది. ఆరు గంటలు ఆలస్యంగా మాత్ర నాలిక మీద పడింది. మింగుదామంటే గొంతు మాట వినదు. మాత్ర పెదవి మూలనుంచి జారి దిండు మీద పడింది.

"మొండికేస్తోంది. 'పేషెంటు మందు వద్దంది' అని షీటులో రాయి," అంది హెడ్ నర్సు, చిన్న నర్సుతో.

మామ్మకి ఒళ్లు మండిపోయింది. వద్దందా! ప్రాణమంతా ఆ మాత్ర మీద పెట్టుకుంటే వద్దందా! ఇంకో ఆరు గంటలు ఇలాగే పడుంటే ఉమ్మి కూడా గొంతుకి అడ్డం పడుతుంది. ఆ తర్వాత ఎనిమిదింటికి ట్రాలీ వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. ఆ భయం చెప్పుకోవడానికి కంట్లో నీళ్లు కూడా సమయానికి రాలేదు.

రావద్దన్నా తలుపు తోసుకుని వచ్చిన టైలరమ్మ దిండు మీద మాత్రని చూసి భగ్గుమంది.

"నీళ్లలో కరిగించి చెంచాతో పొయ్యండి! ఇంటి దగ్గర బిగుసుకుపోయినప్పుడు నేనలాగే పోస్తాను."

"కరిగించమని షీటులో లేదండీ," అంది హెడ్ నర్సు.

"పోనీ నాకివ్వండి, నేను పోస్తా."

"బయటివాళ్లు మందు ఇవ్వకూడదు. మళ్లీ ఎనిమిదింటికి చూద్దాం."

"మనిషి కొయ్యయిపోతుంటే చూద్దామంటావేంటి? పేషెంటు ఏం చెబుతోందో కాస్త వినాలని నీకెవరూ నేర్పలేదా?"

హెడ్ నర్సు ఆగింది. ఆవిడకి ఎక్కడో తగిలింది.

"వినొద్దనే నేర్పారు. వేరే ఊళ్లో, ట్రైనింగులో ఉండగా, మా పెద్ద సిస్టర్. ఓ ముసలాయన బతిమాలితే జాలిపడి ముందే మాత్ర ఇచ్చేశాను. వేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టారు. 'రోగి సవాలక్ష చెబుతాడు, నువ్వు ట్రాలీ వేళ చూసుకో' అన్నారు. ముప్పై ఏళ్లయింది. ఆవిడ మాట ఒక్కరోజు కూడా దాటలేదు. అలాంటి సిస్టర్లు ఇప్పుడెక్కడున్నారు?"

"ఆ మహాతల్లి నాకు గనక దొరికితే ఉతికి ఆరేద్దును!" అంది టైలరమ్మ.

హెడ్ నర్సు దిండు మీది మాత్రని చెత్తబుట్టలో వేసి, ట్రాలీని పక్క మంచం వైపు తోసుకుంటూ కదిలింది.

తను స్కేలుతో కొట్టి నేర్పిన పాఠమే అలా చక్రాల మీద దూరమైపోతుంటే, 'తప్పు చెప్పానే, వెనక్కి రావే' అని శిష్యురాలిని పిలవడానికి మామ్మకి నోరు పెగల్లేదు.