నోరు జారిందట

“నోరు జారింది, క్షమించండి అనెయ్ బావా. ఆ మాత్రానికే పోటీలోంచి తప్పుకుంటారా ఎవరైనా?” అన్నాడు ప్రచారమంతా నెత్తినేసుకుని తిరుగుతున్న బావమరిది.

నిన్నటి సభలో అభ్యర్థి తన మీద పోటీ చేస్తున్న టీచరమ్మ నత్తిని అనుకరించాడు. జనం పగలబడి నవ్వారు. తెల్లారేసరికి ఆ వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది.

“అవున్రా. ఏదో ఊపులో వచ్చేసింది,” అన్నాడు అభ్యర్థి నేల చూపులు చూస్తూ.

విలేకరుల ముందుకు వెళ్లడానికి అతని చొక్కా ఇస్త్రీ చేస్తున్న భార్య చెయ్యి ఆగింది.

“ఊపులో రాలేదు. మొన్న గడ్డం గీసుకుంటూ, అద్దంలో చూసుకుని మరీ సాధన చేశారు.”

బావమరిది లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

“మనం ముగ్గురం నోరు మెదపకపోతే ఎవడికి తెలుస్తుందక్కా?” బావమరిది గొంతు తగ్గించాడు.

అభ్యర్థి చెవులు ఎర్రబడ్డాయి. “తప్పుకుంటున్నానని చెప్పెయ్‌రా. అబద్ధమాడి క్షమాపణ అడిగే మొహం నాకు లేదు. ముందు టీచరమ్మ ఇంటికెళ్లొస్తాను.”

భార్య ఇస్త్రీపెట్టె ఆపేసి చెప్పులు వేసుకుంది.

“నువ్వెందుకే?”

“ఏ మాట దగ్గర తడబడితే బాగా నవ్వొస్తుందో చెప్పింది నేనే కదా.”