మార్కులు వేసేదెవరు

హెడ్ కానిస్టేబుల్ జుల్ఫికర్ ట్రాఫిక్ రూల్సు పుస్తకంలో చూపినట్టే చెయ్యి నిటారుగా చాచాడు. అయినా పూతలపట్టు కూడలిలోకి చిత్తూరు బస్సు ఆగకుండా వస్తూనే ఉంది.

వారం రోజులుగా మలేషియా పోలీసు ఎస్సై లలిత నోటుబుక్కుతో అతని పక్కనే నిలబడుతోంది. తాతల నాడు అక్కడికి వెళ్లిన తెలుగువాళ్ల పిల్ల. ఈవిడ తన పనికి మార్కులు వెయ్యడానికే వచ్చిందని, తక్కువ వేస్తే ఇంటికి దగ్గరున్న ఈ డ్యూటీ పోతుందని అతని భయం. అందుకే పాత అలవాట్లన్నీ కట్టిపెట్టాడు.

ఇంతలో బడిపిల్లలు రోడ్డు మీదికి దిగారు. జుల్ఫికర్ పుస్తకం మరిచిపోయి బస్సు డ్రైవర్ని కేకేశాడు.

"ఏం మామా! బిడ్డకు పెండ్లి కుదిరిందా?"

డ్రైవర్ బ్రేకు తొక్కి తల బయటపెట్టాడు. "వచ్చే నెలేబ్బా! నువ్వు రాకుంటే సూడు!"

వెనక లారీలన్నీ ఆగాయి. పిల్లలు దాటిపోయారు. లలిత గబగబా రాసుకుంది.

"అది రూలు కాదు మేడం, నోరు జారినాను. రాసుకోవద్దు."

ఆమె బెరుకుగా ఒక కాగితం అందించింది. పైన ఆమె పేరే ఉంది. మార్కుల గళ్లు ఖాళీ.

"నేర్చుకోడానికి వచ్చింది నేనండీ. మార్కులు మీరే వెయ్యాలి. మా పైవాళ్లు చూస్తారు, కాస్త దయ ఉంచండి."

జుల్ఫికర్ మీసం దువ్వాడు. "వేస్తాంలే. ముందు ఆ లారీని ఆపండి, సూద్దాం."

లలిత ముందుకు నడిచి గట్టిగా అడిగింది. "ఏం మామా, బాగున్నారా?"

"బాగుండానమ్మా!" అంటూ డ్రైవర్ ఆపకుండానే పోయాడు.

జుల్ఫికర్ పెన్ను తీశాడు.

"ఒక్క మాటతో తీరేది అడిగితే ఎవురాగుతారు మేడం? ఆగి చెప్పేది అడగల్ల!"