రెండు వేడి గుడ్డలు

కళ్లలో తెరలు పెట్టుకోని మనిషి ఊళ్లో లేడు. ఎదుటివాళ్ల ముడతలూ మచ్చలూ ఆ తెరలే తుడిచేసి చూపిస్తాయి. ఒక పొద్దున శేషగిరి కనురెప్పల అంచులు ఎర్రబడి, వెంట్రుకల మొదట్లో పొట్టు కట్టింది.

"రెప్పల వాపు. తెరలు తీసేసి, పూటపూటా వేడి గుడ్డతో కాపడం పెట్టి, అంచులు తుడవండి," అంది డాక్టరమ్మ.

భార్య కనకవల్లికి దిగులు పట్టుకుంది. తన అసలు మొహం ఆయన చూసి ఎన్నేళ్లయిందో. కాపడం గుడ్డ తీస్తూనే మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

శేషగిరి ఆ కొంగును మెల్లగా పక్కకు జరిపాడు.

"గడ్డం మీది ఈ మచ్చ ఎన్నాళ్లకు కనిపించింది కనకం. ఈ తెరలు రాకముందు, పెళ్లిచూపుల్లో దీన్ని చూసే కదా నేను ఒప్పుకున్నది."

ఆయన రెప్పలు నయమయ్యాయి, అయినా తెరలు మళ్లీ పెట్టుకోలేదు. కనకవల్లి కూడా తన తెరలు తీసేసి, ఇప్పుడు రోజూ రెండు గుడ్డలు వేడి చేస్తోంది, ఒకటి ఆయనకు, ఒకటి తనకు.