పెండ్లయినోళ్లకే

"పసుపుకొమ్ము కట్టుకొనొచ్చి నన్నే మోసం చేస్తారా?"

నర్సు జయమ్మ ఆ పిల్ల మెడలోని దారాన్ని వేలితో పైకి లేపి వరుసలో ఉన్నవాళ్లందరికీ చూపించింది. "తాళిబొట్లు యాడ? పెండ్లి కాని పిల్లకు ఈడేం పని?"

పిల్ల తల్లి మారక్క చేతులు జోడించింది. "నెల్నాళ్లుగా కడుపునొప్పితో పొర్లాడతాంది తల్లీ. డాక్టరమ్మ ఒక్కతూరి సూస్తే..."

"పెండ్లి చేసి పిల్చుకొని రా, సూస్తాది. పక్కకు జరుగు."

అది 1963. హిందూపురంలో ఒక ట్రస్టు నడిపే ఆడవాళ్ల క్లినిక్. లేడీ డాక్టరు బుధవారం ఒక్కరోజే వస్తుంది. గోడమీద బోర్డు ఉంది: 'వివాహితులకు మాత్రమే.'

మారక్క వెనక నిలబడ్డ ఆదిలక్ష్మమ్మ మగ్గం మీద చీర సగంలో వదిలి, పొద్దున బండికి ధర్మవరం నుంచి వచ్చింది. వెంట పదిహేనేళ్ల కూతురు ఉలిగమ్మ. ఏడు నెలలుగా ఆ పిల్లకు నెలకు పదిహేను రోజులు రక్తం పోతోంది. ఈరోజు రైల్లో పెనుకొండ వచ్చేలోపు రెండుసార్లు కళ్లు తిరిగి పడింది. డాక్టరుకు చూపించకుండా వెనక్కి పోయేది లేదని ఆదిలక్ష్మమ్మ బయలుదేరేటప్పుడే అనుకుంది.

ఆమె ముందుకు జరగబోతుంటే వెనకనుంచి ఒకావిడ గొంతు లేచింది. "మెడలో బొట్టు ల్యానిది ముందర నిలబడితే మా కోడలి కడుపుకు మంచిదేనా? కడాకు పోమ్మా."

ఆదిలక్ష్మమ్మ పళ్లు కొరుక్కుంది. కూతురి చెయ్యి పట్టుకుని వరుస చివరికి పోయింది. మళ్లీ నర్సు బల్ల దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట అయింది.

జయమ్మ ఉలిగమ్మ మెడ చూసింది. తాళిబొట్లను గోటితో గీకింది. బంగారమే. తర్వాత పసుపుతాడు చూసింది.

"ఎన్నేండ్ల తాడు ఇది? ఇంత నల్లగైంది! ఏమ్మా, పాలు తాగేటప్పుడే కట్టిచ్చినావా?"

వరుసలో నలుగురు నవ్వారు.

"పదేండ్లకు," అంది ఆదిలక్ష్మమ్మ.

"థూ! నువ్వు తల్లివేనా? పసిపిల్లను మొగుని ఇంటికి తోలేది, ఒళ్లు చెడినాక మా మొగాన పారేసేది. మీయట్లా వాళ్లను జైల్లో ఎయ్యల్ల."

పొద్దున మారక్కను 'పెండ్లి చేసి పిల్చుకొని రా' అన్నది ఈ నోరే. ఆ మాట ఆదిలక్ష్మమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ముందు పిల్ల లోపలికి పోవాలి.

జయమ్మ రిజిస్టరు తెరిచింది. "మొగుని పేరు?"

ఉలిగమ్మ నేల చూపులు చూసింది.

"ఆ పిల్ల నోటితో మొగుని పేరు ఎట్ల చెప్తాది? మద్దిలేటి అని రాసుకో," అంది ఆదిలక్ష్మమ్మ.

లోపల డాక్టరు పావుగంట చూసింది. ఒంట్లో రక్తం లేదంది. సూది వేసి, మాత్రలిచ్చి, నెలకోసారి రమ్మంది. కాగితం మీద బొమ్మ గీసి, గర్భసంచి ఎక్కడుంటుందో, నెలనెలా రక్తం ఎందుకొస్తుందో, ఎంత పోతే జబ్బో చెప్పింది.

"సచ్చిపోతానేమో అనుకొంటి డాక్టరమ్మా," అంది ఉలిగమ్మ. "ఇస్కూల్లో ఎవురూ చెప్పల్యా."

"చెప్పరు. మీ ఆయన్ని మూడు నెలలు దూరంగా ఉండమను. చెప్తావా?"

"చెప్తా," అంది ఉలిగమ్మ. ఏడు నెలల్లో ఆ పిల్ల నవ్వాపుకోవడం తల్లి చూడడం అదే మొదలు.

గేటు బయట మారక్క, ఆమె కూతురు ఇంకా కూర్చునే ఉన్నారు. ఉలిగమ్మ ఆ పిల్ల పక్కన చేరి, పెంకుముక్కతో నేలమీద డాక్టరు గీసిన బొమ్మే గీసింది. "ఇదిగో, ఈడుంటాది," అంటూ విన్నదంతా చెప్పసాగింది.

ఆదిలక్ష్మమ్మ వంగి మారక్క చెవిలో రెండు ముక్కలు చెప్పింది. మారక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓయమ్మ! పాపం తగల్దా యక్కా?"

"తగిలితే ఆ బోర్డు రాసినోళ్లకు తగలనీ. వచ్చే బుధవారం వేరే చీర కట్టి పిల్చుకొని రా. ఇంతమందిలో ఆ నర్సమ్మకు ఏం గుర్తుంటాది?"

సాయంత్రం బండి కిటకిటలాడింది. పెనుకొండ దాటాక గానీ కూర్చోవడానికి చోటు దొరకలేదు. మాత్రల పొట్లం ఒళ్లో పెట్టుకుని ఉలిగమ్మ తల్లి భుజం మీద నిద్రపోయింది. ధర్మవరం సిగ్నలు దగ్గర బండి నెమ్మదించగానే ఉలిక్కిపడి లేచింది.

"ఇంగ నీ తాళి నువ్వు యేసుకోమా, నాయన స్టేషనుకొచ్చింటాడు."