సగం గూడు

ప్రతి పక్షికీ తగిన జోడు ఎక్కడో పుట్టే ఉంటుందని, చూడగానే తెలిసిపోతుందని చిలక చెప్పిన కథను పింగళ అనే ఆడ గిజిగాడు నమ్మింది.

వాగు పక్క ఈతచెట్టు మీద గరికయ్య అనే మగ గిజిగాడు తను అల్లుతున్న గూడు చూపించాడు.

"ఇది సగమే ఉందే!" అంది పింగళ.

"నువ్వు ఒప్పుకుంటే మిగతాది అల్లుతాను."

"నాకోసం పుట్టినవాడైతే ముందే పూర్తిచేసి ఉంచేవాడు," అని ఎగిరిపోయింది. వాగు పొడవునా వెతికింది. ఎక్కడ చూసినా సగం గూళ్లే.

వానలు మొదలయ్యాక తిరిగొచ్చింది. గరికయ్య గూడు పూర్తయింది. లోపల వేరే ఆడపక్షి గుడ్లు పొదుగుతోంది.

"అతను నీకోసమే పుట్టాడని ఎలా తెలిసింది?" అని అడిగింది పింగళ.

"తెలియలేదమ్మా. మబ్బు పట్టిందని ఒప్పుకున్నాను. ఇప్పుడు మాత్రం అతను మేతకు వెళ్లి ఆలస్యమైతే, గుడ్ల మీద నాకు కుదురుండదు."