చివరి పేజీలో పేరు లేని గడి

“ఆవిడెవరో ఇవాళ చెప్పాల్సిందే తిహోమిర్. రేపటి తర్వాత నీ పేపరూ ఉండదు, నీ రూల్సూ ఉండవు.”

రుజిత్సా కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడింది. డెబ్బైకి దగ్గరపడినా గొంతులో దర్పం తగ్గలేదు. తిహోమిర్ లేచి కాఫీకి నీళ్లు పెట్టాడు.

మొరావా నది ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరి వారపత్రిక ‘మొరావా తీరం’ ఆఖరి సంచిక రేపు, శుక్రవారం. అరవై ఒక్క ఏళ్ల పత్రిక. ఒకప్పుడు మూడు వేల ప్రతులు పోయేవి. బట్టల మిల్లు మూతపడ్డాక మూడు వందలకు దిగింది. ఎడిటరూ తిహోమిరే, పేజీలు కూర్చేదీ తిహోమిరే, ప్రకటనలు తీసుకునేదీ తిహోమిరే.

మిగిలిన పాఠకులు చివరి పేజీతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. ఆ పేజీ నిండా చనిపోయినవాళ్లే. ఊరి ఆచారం ప్రకారం మనిషి పోయిన నలభయ్యో రోజుకు, ఆర్నెల్లకు, ఆ తర్వాత ఏటేటా ప్రకటన వేయించాలి. ఫోటో, రెండు ముక్కలు, కింద తలచుకునేవాళ్ల పేర్లు. ఎవరి పేరు ముందుంది, ఎవరి పేరు ఎగిరిపోయింది అని ఊళ్లో వారమంతా అదే చర్చ. ఇక కింద అసలు పేరే లేని ప్రకటన పడితే చెప్పేదేముంది?

ఇరవై రెండేళ్ల కిందట రుజిత్సా భర్త ద్రాగిషా మొదటి వర్ధంతికి అదే జరిగింది. ద్రాగిషా బస్సు డ్రైవరు. నవ్వుమొహం మనిషి. నిద్రలోనే పోయాడు. అంతకుముందు నలభయ్యో రోజు ప్రకటన, ఆర్నెల్ల ప్రకటన రుజిత్సా కూతురి చేతే పంపింది. ఏడాది ప్రకటనా అలాగే పంపింది. కింద మూడు పేర్లు: భార్య, కూతురు, మరదలు విదా. తీరా పేపరు చూస్తే ఆ ప్రకటన పక్కనే ఇంకో చిన్న గడి. ఫోటో లేదు. ‘ద్రాగిషా, నిన్ను మరిచిపోలేదు.’ అంతే. కింద పేరు లేదు.

ఆ పొద్దున్నే రుజిత్సా మొదటిసారి ఈ పత్రికాఫీసు మెట్లెక్కింది. అరిచింది. ఏడ్చింది. “ఎవరిచ్చారో చెప్పకూడదండీ, మా పత్రిక రూలు” అని తిహోమిర్ నీళ్లు నమిలాడు. కాఫీ కలిపి ఇచ్చాడు. ఆవిడ తాగింది, భర్తను తిట్టింది, మళ్లీ ఏడ్చింది, మధ్యాహ్నం దాటాక వెళ్లింది.

మరుసటి ఏడు మళ్లీ ఆ గడి వచ్చింది. ఆవిడా వచ్చింది. ఇక ఏటా అంతే. రెండో ఏడు మాత్రం తన ప్రకటనలోంచి మూడో పేరు తీసెయ్యమంది. తిహోమిర్ తీసేశాడు. ఎందుకని అడగలేదు.

ఇవాళ ఆవిడే సంచీలోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టింది.

“మా విదా. మిల్లుకి రోజూ ఆయన బస్సులోనే పోయేది. ముందు సీటు ఎప్పుడూ దానిదే. టిక్కెట్టు కూడా కొట్టేవాడు కాదు. ఆ గడి చూశాక నాకింకెవరు తడతారయ్యా? అప్పట్నుంచి దానితో మాట మానేశా. చావుబతుకుల్లో ఉండి మూడుసార్లు కబురు పెట్టింది, పోలేదు. మార్చిలో పోయింది. మట్టి వెయ్యడానికి కూడా పోలేదు. దాని పేర ఒక్క ప్రకటనైనా వేయించలేదు.”

తిహోమిర్ కాఫీ కప్పు ఆవిడ ముందు పెట్టాడు.

“రేపు దాటితే వేద్దామన్నా పేపరుండదు. అందుకే అడుగుతున్నా. విదా కాదంటే ఈ ఫోటో వెయ్యి, కింద నా పేరు పెట్టు, ఊరంతా చూడాలి. విదానే అంటే ఇక్కడే చించి పారేసి పోతా.”

“విదా కాదు.”

“నా మొహం చూసి చెప్పు.”

“మీ చెల్లెలు కాదు రుజిత్సా గారూ. దేవుడి మీద ఒట్టు.”

ఆవిడ కాసేపు ఫోటో వైపే చూసింది. తర్వాత అది గుండెకు అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్లలో ఆ కుర్చీలో అలా ఎప్పుడూ ఏడవలేదు.

“ఇన్నేళ్లూ నోరు కుట్టేసుకుని కూర్చున్నావేంటయ్యా?”

“ఆ పేరు మీరెప్పుడూ అనలేదు.”

“దాని పేరు తీయించినప్పుడైనా అడగకపోయావా?”

తిహోమిర్ కాఫీ కప్పు ఆవిడ వైపు జరిపాడు.

రుజిత్సా కళ్లు తుడుచుకుంది. “సర్లే. ఆవిడ పేరు చెప్పకు. ఈ వయసులో తెలుసుకుని ఎవరి జుట్టు పట్టుకోను? ఒక్కటి చెప్పు చాలు. అది ప్రేమేనా, లేక నన్ను ఏడిపించడానికి చేసిందా?”

“ప్రేమే” అన్నాడు తిహోమిర్ తల ఎత్తకుండా. “అది లేకపోతే ఇన్నేళ్లు ఎవరు వేస్తారండీ?”

“అయితే అదృష్టవంతుడు మా ఆయన” అంది రుజిత్సా. ఫోటో మళ్లీ బల్ల మీద పెట్టి, మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేచింది. కాఫీ ముట్టుకోలేదు. కొవ్వొత్తులు కొనుక్కుని చెల్లెలి సమాధి దగ్గరికి వెళ్తున్నానంది. మళ్లీ వస్తానని మాత్రం అనలేదు.

తిహోమిర్ చివరి పేజీ తెరిచాడు. విదా ఫోటో అందరికంటే పైన, పెద్దదిగా పెట్టాడు. కింద ‘నన్ను మన్నించు. నీ అక్క రుజిత్సా’ అని వేశాడు. దాని తర్వాత ద్రాగిషా ప్రకటన, భార్య పేరు, కూతురి పేరు.

ఇక, ఏడాదికి ఒక్కసారైనా రుజిత్సా వచ్చి తన ఎదుట కూర్చుంటుందన్న ఆశతో ఇరవై రెండేళ్లుగా తానే రాసి తానే వేస్తున్న ఆ చిన్న గడి కింద, తిహోమిర్ మొదటిసారి తన పేరు పెట్టాడు.