కీ ప్రకారం బి

సోవియట్ దేశం ముక్కలయ్యాక, లెక్కల ప్రొఫెసరు సవేల్యెవ్‌గారు అక్కడ డాక్టరీ చదివిన మా రాజోలు అమ్మాయిని పెళ్ళాడి అత్తారింటికి వచ్చేసేరు. ఉద్యోగం కోసం అమలాపురంలోని మా ఎంసెట్ కోచింగ్ సెంటరుకి వచ్చేరు.

మ్యాథ్స్ హెడ్‌ని నేనే కాబట్టి బిట్ పేపరు నేనే ఇచ్చేను. ముప్పైతొమ్మిది బిట్లు చకచకా చేసేసేరు. నలభయ్యో బిట్టు చూసి పెన్ను కింద పెట్టేసేరు.

"ఈ లెక్కకి జవాబు లేదండీ," అన్నారు, భార్య నేర్పిన తెలుగులో. "లేదని నిరూపించడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది."

కరస్పాండెంటు బుల్లబ్బాయిగారు కీ చూసేరు. "జవాబు బి అండీ! పదకొండేళ్ళేంటండీ బాబూ, మా పిల్లలు పదకొండు సెకన్లలో పెట్టేస్తారు."

"ఆయ్, నిజమేనండీ," అన్నాను నేను.

కాఫీ ఇచ్చి మర్యాదగా పంపించేసేం. పిల్లల భవిష్యత్తు కదా మరి.

ఆ లెక్క నేను ఎత్తింది ఆయన పుస్తకంలోంచే. పుస్తకాల ఎగ్జిబిషన్‌లో దొరికిన పాత తెలుగు అనువాదం. దరఖాస్తులో పేరు చూడగానే గుర్తుపట్టేను. నా కాపీలో లెక్క ఉంది కానీ, తర్వాత పేజీలు చిరిగిపోయేయి. అందుకని బి పెట్టేను.

నాలుగేళ్ళుగా మా పిల్లల్లో ఒక్కరు కూడా దాన్ని తప్పు చెయ్యలేదు.